తెఫానా మామ పూలకిరీటం

ఆ ఉదయం ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. తూర్పున పెద్ద సముద్రం మీద తెల్లటి ఎండ. పడమట, పగడపు దిబ్బల లోపలి ఉప్పునీటి లగూన్ మీద మాత్రం మబ్బు నల్లగా కిందికి జారి నీళ్లను ఆనుకుని ఉంది. పడమటి గాలి లేచే సూచన కనబడితే ఫునాఫుటి దీవిలో పడవలన్నీ ఒడ్డుకు లాగేస్తారు. అలా లాగిన పడవల్లో ఒకదాంట్లో ఎలికో పడుకుని ఉన్నాడు. ఇక లేవడు.

జనం చుట్టూ నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. తెల్లారి వల తీయడానికి వెళ్లినవాళ్లకి తేలుతూ కనిపించాడట.

కిలిసి వంగి చూశాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కణత దగ్గర, జుట్టు మొదలయ్యే చోట, ఒక చిన్న ఎర్రటి చుక్క. చుక్క చుట్టూ చర్మం కొద్దిగా ఉబ్బింది.

"పగడపు రాయి గీసుకుని ఉంటది," అన్నాడు డాక్టరు. "నీళ్లు మింగాడు. ఇంకేముంది?"

"గీసుకుంటే గీత పడుద్ది కదా డాక్టరు గారూ. ఇది చుక్క."

"పొడుచుకుందనుకో."

పగడపు రీఫు దగ్గర పుట్టినవాడు, సముద్రంలో ఈదుతూనే నడక నేర్చినవాడు ఎలికో. అలాంటివాడు లగూన్‌లో మునిగిపోయాడంటే నమ్మడానికి కిలిసికి ధైర్యం చాలలేదు. నమ్మకపోవడానికి అంతకన్నా ఎక్కువ ధైర్యం కావాలి.

ఎలికో, కిలిసి ఇద్దరిదీ ఒకే ఉద్యోగం. చేపలు పట్టే పరాయి ఓడల మీద ప్రభుత్వం తరఫున కూర్చుని, ఎంత పట్టారో, ఎక్కడ పట్టారో చూసే పరిశీలకులు. అది లోకానికి తెలిసిన ఉద్యోగం. లోకానికి తెలియని రెండో ఉద్యోగం కూడా ఇద్దరికీ ఒకటే.

ఆ రెండో ఉద్యోగానికి పై అధికారి మతాయో. ఆయన కిలిసిని రన్‌వే మధ్యకు రమ్మన్నాడు.

ఈ దీవిలో రహస్యం మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఇంట్లో మాట్లాడితే గోడ అవతల పిన్ని వింటుంది. ఆఫీసులో మాట్లాడితే కిటికీ కింద ఎవరో ఒకరు కునుకు తీస్తుంటారు. రన్‌వే మీద మాత్రం ఏ వైపు నుంచి ఎవరు వచ్చినా ముందే కనిపిస్తారు. విమానం రాని వేళల్లో అది ఊరికి ఆటస్థలం, నడకదారి. ఆ ఉదయం కూడా ఒక మూల కుర్రాళ్లు వాలీబాల్ ఆడుతున్నారు. మతాయో గొడుగు వేసుకుని తారు మీద చతికిలబడి ఉన్నాడు.

"భయంగా ఉందా?" అన్నాడు.

"ఉందన్నా."

"మంచిది. ఎలికోకి ఉండేది కాదు. మన గూఢచారి శాఖలో నిన్నటిదాకా ముగ్గురం. ఇప్పుడు నువ్వూ నేనూ. బాగా విను. ఇవాళ పార్లమెంటులో ఓటు. ఏ చట్టానికో తెలుసుగా?"

కిలిసికి తెలుసు. పరాయి ఓడలు పట్టిన చేపను నడి సముద్రంలో ఓడ నుంచి ఓడకు మార్చకూడదు, మన లగూన్‌లోకి వచ్చి, మన కళ్ల ముందు మార్చాలి అనే చట్టం. నడి సముద్రంలో మారిన చేపకు లెక్క ఉండదు. లెక్క లేని చేప దొంగ చేప. ఒడ్డు నుంచి ఒడ్డుకు రాయి విసిరితే అవతలి నీళ్లలో పడే నేల ఇది. ఇక్కడ పండేది కొబ్బరి, గుంటల్లో పులాక దుంప. అంతే. బడి నడిచేదీ, ఆసుపత్రిలో మందు ఉండేదీ, దీవుల మధ్య ఓడ తిరిగేదీ ఆ చేపల లైసెన్సు డబ్బుతోనే.

"ఇటు ఎంతమంది ఉన్నారో అటూ అంతేమంది," అన్నాడు మతాయో. "మధ్యలో తేలాల్సింది ఒక్కడే. మీ తెఫానా మామ."

"మావయ్య చట్టానికే ఓటేస్తాడు."

"బతికుంటే వేస్తాడు."

తెఫానా అతని తల్లికి తమ్ముడు. దక్షిణాన నుకులేలే దీవికి పార్లమెంటు సభ్యుడు. కిలిసికి మొదటి గాలం కట్టి ఇచ్చినవాడు, మొదటిసారి కొబ్బరి చెట్టెక్కించి కల్లు గీయడం నేర్పినవాడు. నాన్నతో తగువు పడొచ్చు. అమ్మ మీద అలగొచ్చు. మేనమామ ముందు గొంతు లేవదు.

"ఆ దొంగ చేపల వ్యాపారం నడిపే సిల్వర్ రింగ్ ముఠా ఆయన్ని ఈ ఓటు లోపలే లేపేస్తది," అన్నాడు మతాయో. "ఎలా అన్నది తెలీదు. తెలుసుకోవడానికే ఎలికో వాళ్ల సరుకు ఓడ ఎక్కాడు. మొన్న ఆ ఓడ రేడియోలో నాకు చేపల లెక్క చెబుతున్నట్టుగా ఒక మాట చెప్పాడు. ముఠాలో ఒకరు మన వైపు తిరిగారంట. తను రాలేకపోతే ఆ మనిషి వచ్చి మన కోడ్ చెబుతుందంట. 'వలలు ఆరాయా' అని నువ్వడగాలి. 'పడమటి వాన పోనిస్తే కదా' అని అటు నుంచి రావాలి."

"ఆ మనిషి ఎవరో చెప్పలేదా?"

"లేదు. వాడి చెల్లెళ్లని అడిగినా లాభం లేదు. ఎలికో మర్యాదస్తుడు, వయసొచ్చాక చెల్లెళ్ల వరసవాళ్ల ముందు నిలబడి రెండు మాటలు మాట్లాడింది లేదు." మతాయో సంచిలోంచి నూనె గుడ్డలో చుట్టినదేదో తీశాడు. "ఇదుగో, మన శాఖ ఆయుధాగారం."

మునిగిపోయే ఓడలు ఆకాశంలోకి కాల్చే ఎర్ర దీపాల పిస్టల్ అది. దానికి ఒకే గుండు.

"దీంతో మనిషిని ఆపగలమా అన్నా?"

"దూరంగా ఉన్నోడు పలకరిస్తున్నావనుకుంటాడు," అన్నాడు మతాయో. "దగ్గరుంటే పరిగెత్తు."

*

పిలుపు ఎదురుచూడకుండానే వచ్చింది. లగూన్ ఒడ్డు హోటల్ వరండాలో ఒకామె నిన్ను అడుగుతోందని కబురు.

ఆమె చాప మీద ఒంటరిగా కూర్చుని పూలకిరీటం కడుతోంది. నల్ల కళ్లద్దాలు తల మీదికి నెట్టుకుంది. గోళ్లకు, బట్టలకు ఒకే ఎర్ర రంగు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఖరీదైన సెంటు వాసన, తియాలే పూల వాసన కలిసి వస్తున్నాయి. వరండాలో టీ తాగుతున్న పరాయి దేశపు ఇంజనీర్లు కప్పు నోటి దగ్గరే పెట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

కిలిసి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. "వలలు ఆరాయా?"

"పడమటి వాన పోనిస్తే కదా," అంది ఆమె. తల ఎత్తలేదు.

కిలిసి ఊపిరి వదిలాడు. ఈ దీవుల్లో ఎవరైనా మొదట అడిగే ప్రశ్నే అడిగాడు. "ఎవరి పిల్లవి నువ్వు?"

"ఎలికోకి మేనమామ కూతుర్ని. మెలెవీనా. పుట్టింది, పెరిగింది ఆక్లాండ్‌లో. సముద్రం పొంగు లెక్కలు చూసే ప్రాజెక్టు పని మీద వచ్చాను, అదీ ముఠా ఇప్పించిన పనే." ఇప్పుడు తల ఎత్తింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "వాణ్ణి చంపేశారు కిలిసీ. నాకు చాలా భయంగా ఉంది."

ఆ మాటతో ఆమె మీద నమ్మకం కలిగింది కిలిసికి. భయం అతనికి తెలిసిన భాష. ఓడ మీద ఉన్నన్నాళ్లూ గది తలుపుకు అడ్డంగా పెట్టె జరుపుకుని పడుకునేవాడు. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోలేదు.

"మామని ఎలా చంపుతారు?"

"తుపాకీ. ఉత్తరం కొసన చెత్త పోసే చోటు లేదూ, అక్కడ ఒక పడవ దాచారు. అందులో ఒకడే ఉంటాడు. సభలో ప్రార్థన మొదలవగానే లగూన్ మీదుగా వచ్చి కాలుస్తాడు. సభకి గోడల్లేవుగా."

నిజమే. పార్లమెంటు కూర్చునేది రన్‌వే పక్కన, లగూన్ ఒడ్డున ఉన్న పెద్ద చావడిలో. పైకప్పు, స్తంభాలు, కింద చాపలు. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో తూటా కూడా అలాగే పోతుంది.

"ఎలికో నీకెప్పుడు చెప్పాడు ఇదంతా?"

"నిన్న సాయంత్రమే. ఓడ దిగి నేరుగా నా దగ్గరకొచ్చాడు. బైకు వెనక ఎక్కించుకుని ఆ ఉత్తరం కొసకే తీసుకెళ్లాడు. ఇద్దరమే చాలాసేపు రాళ్ల మీద కూచున్నాం. కోడ్ అక్కడే చెప్పాడు. తర్వాత రాత్రి ఊరి ఆటపాటలకెళ్లాడు. అంతే."

కిలిసి కిరీటం వైపు చూశాడు. ఆకు పట్టీ మీద పూలు దట్టంగా కట్టి ఉన్నాయి. పట్టీ మామూలు కన్నా మందంగా ఉంది. జారిపోతోందేమోనని చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!" అంది మెలెవీనా. వెంటనే నవ్వింది. "ముడి పడలేదింకా. విడిపోద్ది. ఇది మీ మామకే. మర్యాద మర్చిపోయిందని ఎవరూ అనకూడదుగా. వెళ్లు, టైం లేదు."

*

కిలిసి బైకు ఉత్తరానికి తిప్పాడు. ఏడాదిలో సముద్రం అన్నిటికన్నా ఎత్తుకు లేచే రోజుల్లో అదొకటి. నీళ్లు ఒడ్డు దాటి రావడం లేదు, నేలలోంచే వస్తున్నాయి. ఇళ్ల ముంగిళ్లలో, రోడ్డు పగుళ్లలో, పందుల దొడ్లలో బుడబుడమని బుడగలు లేస్తున్నాయి. పులాక గుంటలో ఒక ముసలామె మోకాలి లోతు నీళ్లలో నిలబడి, వేలు ముంచి నాలిక్కి రాసుకుని, ఉప్పుగా ఉందేమో చూసుకుంటోంది.

భయంలో కిలిసికి వీపంతా కళ్లే అయినట్టుంది. ప్రతి కొబ్బరి చెట్టు వెనకా ఎవరో ఉన్నట్టే ఉంది. పిస్టల్ చొక్కా కింద పొట్టను ఒరుసుకుంటోంది. ఆ కొసన నిజంగానే ఒకడు ఉంటే? వాడు ముందే చూస్తే? రేపు తనను కూడా పడవలోనే పడుకోబెడతారా?

దీవి సన్నగా అయ్యే చోట, రోడ్డుకు అటూ ఇటూ నీళ్లే కనబడే చోట, ఎదురుగా సలాయిని వస్తోంది. కిలిసి పిన్ని కూతురు. చేతిలో కల్లు సీసా, వెనక కుక్క. కిలిసిని చూడగానే ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. రోడ్డు దిగి, మోకాళ్ల దాకా వచ్చే ఉప్పునీళ్లలోకి వెళ్లి అటు తిరిగి నిలబడింది. ఈ దీవుల్లో పిన్ని కూతురైనా, మేనమామ కూతురైనా చెల్లెలే. మేనమరదలు, సరసం అనే మాటే లేదు. చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్నవాళ్లయినా వయసొచ్చాక అన్న ఎదురైతే చెల్లెలు దారి వదులుతుంది, చెల్లెలు ఉన్న గదిలోకి అన్న రాడు. చెప్పవలసింది ఉంటే మరెవరితోనైనా చెప్పిస్తారు.

మరెవరూ లేరు కాబట్టి సలాయిని కుక్కతో చెప్పింది.

"ఒరే కుక్కా, అటు పోయేవాళ్లకి చెప్పు, పోవడం దండగని. కొసన దారి మునిగింది. నేను అక్కడినుంచే వస్తున్నా. పడవలూ లేవు, మనుషులూ లేరు. పందులున్నాయి. మాట్లాడుకుంటారేమో పందుల్తో."

కిలిసికి నవ్వు రాబోయి ఆగిపోయింది. బ్రేకు పడింది. బైకు నీళ్లలో అడ్డంగా జారి నిలబడింది.

బైకు వెనక ఎక్కించుకుని. ఇద్దరమే. చాలాసేపు.

ఎలికో. చెల్లెళ్ల వరసవాళ్ల ముందు నిలబడి రెండు మాటలు మాట్లాడని ఎలికో. మేనమామ కూతుర్ని బైకు మీద ఎక్కించుకుని, సాయంత్రం పూట, ఎవరూ లేని కొసకు తీసుకెళ్లి, పక్కన కూర్చున్నాడట. చచ్చినా చెయ్యడు. ఆ అబద్ధం ఈ దీవిలో పెరిగినవాళ్లెవరూ ఆడరు. ఆక్లాండ్‌లో పెరిగినవాళ్లు ఆడతారు.

మరి కోడ్ ఆమెకు ఎలా తెలిసింది? ఎలికో మాట్లాడిన రేడియో ముఠా ఓడదే. ఆ రేడియో గదికి పల్చటి చెక్క తలుపు. బయట నిలబడి ఎవరో విన్నారు. ఎలికో కుదుర్చుకున్న అసలు మనిషి ఎవరో, ఆ మనిషి ఇప్పుడు ఏ లోతుల్లో ఉందో.

కణత దగ్గర చుక్క. జుట్టు మొదలయ్యే చోట. నిన్న రాత్రి ఆటపాటల్లో అందరి తలల మీదా పూలకిరీటాలే. తల మీద పెట్టిన పువ్వును ఎవరూ కాదనరు. కాదంటే పెట్టినవాళ్లను అవమానించినట్టే.

'ఇది మీ మామకే.'

కిలిసి వెనక్కి తిప్పితే బైకు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి దౌడు తీసింది. వెనక సలాయిని కుక్కను తిడుతోంది, "నువ్వు చెబితే వింటారే కుక్కా, నేను చెబితే ఎవడూ వినడు!"

*

మతాయోకి ఫోను చేశాడు. ఆపేసి ఉంది. సభలోకి ఫోను తేకూడదన్న నియమం ఆయన పెట్టిందే.

లగూన్ వైపు రోడ్డు మీద ఇసుక లారీ గుంటలో దిగబడి అడ్డంగా ఉంది. చుట్టూ పదిమంది సలహాలు చెబుతున్నారు, తోసేవాళ్లు లేరు. కిలిసి సముద్రం వైపు దారి పట్టాడు. ఆ దారిన వస్తే చావడికి, తనకు మధ్యలో రన్‌వే ఉంటుంది. దాటితే చాలు. రోజూ దాటేదే.

దగ్గరకు వచ్చేసరికి సైరన్ ఊళపెట్టింది. అది రెండోసారి మోగడం. మొదటి సైరన్‌కు ఎవరూ ఆట ఆపరు. రెండోదానికి పిల్లలు, కుక్కలు, బైకులు అన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఫిజీ నుంచి విమానం దిగుతోంది. దిగి, మనుషులను మార్చుకుని, వెంటనే ఎగిరిపోతుంది. మెలెవీనా ఎందుకు ఇవాళే ఎంచుకుందో అప్పుడు అర్థమైంది. విషం మామ ఒంట్లో పాకేలోపు ఆమె మబ్బుల్లో ఉంటుంది. ముసలాయన గుండె ఆగిందనుకుంటారు అందరూ.

పోలీసు సియోనె రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "ఏయ్ కిలిసీ! పిచ్చా? వచ్చేస్తంది అటు చూడు!"

కొబ్బరి తలల మీదుగా విమానం ముక్కు కనిపించింది. తారు మీద ఎండకు వణుకుతూ, పెద్దదవుతూ.

రన్‌వే అవతల చావడి. తల వంచుకున్న వందమంది వీపులు. ప్రార్థన జరుగుతోంది. గాలికి పాస్టరు గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. మామ ఎప్పుడూ కూర్చునే స్తంభం దగ్గర ఆయన తెల్ల జుట్టు. దాని వైపు మోకాళ్ల మీద నెమ్మదిగా జరుగుతున్న ఎర్ర బట్టలు.

"పక్కకి రా అన్నా," అన్నాడు కిలిసి.

"రాను. నువ్వు చచ్చి నన్ను ఉద్యోగంలోంచి పీకిస్తావా?"

కిలిసి పిస్టల్ తీసి ఆకాశంలోకి కాల్చాడు. ఎర్ర నిప్పు గాలిని చీల్చుకుంటూ పైకి లేచి రన్‌వే మీద వేలాడింది. సియోనె తల పట్టుకుని కింద కూర్చున్నాడు. విమానం గర్జించి ముక్కు పైకెత్తింది. దాని నీడ రన్‌వే పొడవునా జారింది. ఆ నీడలోంచి కిలిసి పరిగెత్తాడు.

చావడిలోకి వచ్చేవాడెవడైనా నడుం వంచాలి. కూర్చున్న పెద్దల ముందు నుంచి పోతూ 'తులౌ, తులౌ' అని మన్నింపు కోరాలి. కిలిసి నిటారుగా వచ్చాడు. ఒకాయన ఒళ్లో కాలు పడింది. ఇంకొకాయన భుజం తగిలింది. "ఎవడ్రా అది!" "దెయ్యం పట్టిందా వీడికి!" అప్పటికే ప్రార్థన అయిపోయింది. మెలెవీనా రెండు చేతుల్లో కిరీటం పట్టుకుని, మర్యాదగా 'తులౌ' అని, మామ తల మీదికి దించుతోంది. మామ నవ్వుతూ తల వంచాడు.

కిలిసి మేనమామ తల మీద అరచెయ్యి వేసి, బలమంతా పెట్టి, చాపకేసి అదిమాడు.

కిరీటం గాలిలోనే ఆగింది. కిలిసి దాన్ని ఆమె చేతుల్లోంచి లాగి, మామ ముందు తాగడానికి పెట్టిన పచ్చి బొండం మీద బిగించి నొక్కాడు. టిక్ మని చిన్న చప్పుడు. అంతే.

తెఫానా తల ఎత్తాడు. నుదుటి మీద చాప అచ్చు పడింది. "ఎవరి కొడుకువిరా నువ్వు?" అన్నాడు. గొంతు పెద్దది కాలేదు.

"నీ అక్క కొడుకుని మావయ్యా."

"కాదు. నా అక్క కొడుకు నా తల మీద చెయ్యి వెయ్యడు."

కిలిసికి కన్నీళ్లు వచ్చాయి. కిరీటం ఎత్తి పూలు పక్కకు లాగాడు. ఆకు పట్టీ లోపల వేలెడంత ఇనుప గొట్టం. దాని కొసన వెంట్రుకంత సూది. బొండం పచ్చ తొక్క మీద సూది దిగిన చోట ఒక చుక్క. ఆ చుక్క చుట్టూ తొక్క నల్లబడుతోంది. పసుపు రంగు నీరు నెమ్మదిగా కారుతోంది.

ఎలికో కణత చూసినవాళ్లు ఆ సభలో చాలామంది ఉన్నారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మెలెవీనా అప్పటికే లేచి రన్‌వే వైపు నడుస్తోంది. పరుగెత్తడం లేదు. విమానం ఎర్ర నిప్పుకు భయపడి ఇంకా పైన తిరుగుతూనే ఉంది. మతాయో గొడుగు వేసుకుని ఆమె పక్కన నడిచాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు. "అటు సముద్రం. ఇటు లగూన్. పైన విమానం, దిగేలా లేదు. కూచో, టీ తాగుదువు గాని."

ఆమె ఆగింది. కళ్లద్దాలు తీసి కిలిసి వైపు చూసింది. "ఎలా తెలిసింది నీకు? కోడ్ సరిగ్గానే చెప్పానుగా."

"సరిగ్గానే చెప్పావు. ఎలికో నిన్ను బైకు ఎక్కించుకున్నాడన్నావు. నువ్వు వాడికి చెల్లెలివి."

"అయితే?"

"అంతే."

సియోనె వచ్చి ఆమె చెయ్యి పట్టుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి ఆమె సంచీ పట్టుకున్నాడు.

*

ఓటు జరిగింది. చట్టం వైపు తెఫానా చెయ్యి లేచినప్పుడు చావడి చుట్టూ నిలబడ్డ జనంలో ఎవరో ఏడ్చారు. సాయంత్రానికి లగూన్ బయట వేచి ఉన్న సరుకు ఓడ లంగరెత్తబోతే, గస్తీ పడవ దాని దారికి అడ్డంగా నిలిచింది.

సభ అయ్యాక అక్కడే భోజనం. ఆడవాళ్లు బుట్టలు తెచ్చారు. కాల్చిన ట్యూనా, కొబ్బరి పాలలో ఉడికించిన పులాక, అన్నం, డబ్బా మాంసం. కిలిసి చావడి బయట మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆ రాత్రి కూడా తలుపుకు అడ్డంగా పెట్టె జరుపుకోవాలని అతనికి తెలుసు.

తెఫానా అతని వైపు చూడలేదు. తన చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. ఖాళీ అయిన చోటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

కిలిసి నడుం నేలకు వంచి, 'తులౌ, తులౌ' అంటూ ప్రతి ఒక్కరి ముందు నుంచి పాకినట్టు వెళ్లి కూర్చున్నాడు. మామ తన ఆకులోంచి చేప పొట్ట భాగం తీసి అతని ఆకులో పెట్టాడు. ఎలికో కూర్చునే చోట కూడా ఒక ఆకు వేశారు. అందులోనూ వడ్డించారు. పడమటి వాన పైకప్పు మీద మొదలైంది. నమలడం, వాన, అంతే చప్పుడు.

అప్పుడే ఒక ముసలామె కొత్త పూలకిరీటం పట్టుకుని వంగుతూ వచ్చింది. పాపం, ఆమె పొద్దుననగా మొదలుపెట్టింది. మామ తల మీద పెట్టబోయింది. కాదనకూడదు.

తెఫానా దాన్ని రెండు చేతులతో అందుకుని తిప్పి చూశాడు. తర్వాత మేనల్లుడి తల మీద పెట్టాడు. రెండు ముద్దలు తిన్నాడు. కిలిసి ఇంకా బతికే ఉన్నాడని, నములుతూనే ఉన్నాడని పక్కచూపు చూసుకుని, తీసి తన తల మీద పెట్టుకున్నాడు.